సోమవారం కూడా సెలవు పెట్టుకో

రాయపురం, చెన్నై

అమ్మలూ,

కాసిమేడు జాలర్ల వలలు చిక్కుకునే చోట పాత ఓడ ఉందట కదా. 30 మీటర్లు దిగి అది ఎక్కడిదో తేలుస్తానన్నావని మీ అమ్మ రాత్రి ఫోన్లో ఏడ్చింది. దానికి ధైర్యం చెప్పాను గానీ తర్వాత నాకే నిద్ర పట్టలేదు. భయం సరే, మన ఇంట్లో నా తర్వాత సముద్రంలో దిగేది నువ్వేనని సంతోషం కూడా.

మామూలు జాగ్రత్తలు నీకు నేర్పే ఉంటారు. ఒంటరిగా దిగకు. ఓడ లోపలికి దూరకు. అంత లోతులో సిలిండర్‌లో గాలి పైన ఖర్చయ్యేదానికి నాలుగింతలు ఖర్చవుతుంది, గేజ్ చూసుకుంటూ ఉండు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఆ ఊసే వద్దు.

నా టెన్షన్ అంతా నువ్వు పైకి వచ్చాక సంగతి.

నువ్వు పుట్టిన ఏడాది, ఒక సోమవారం బెంగళూరులో నీ బారసాల. ఆదివారం పొద్దున నాకు ఇక్కడ ఒక మునిగిన ఓడ దగ్గర పని. పని అయిపోయింది, కానీ అడుగున ఒక ఇత్తడి పలక కనబడింది. నాచు గీకితే ఏవో అక్షరాలు. మనసాగక మధ్యాహ్నం మళ్లీ దిగాను. ఎవరూ దిగమనలేదు. చదవడం పూర్తి కాలేదు. బస్సు టైమవుతోందని, పైకి వచ్చేటప్పుడు 5 మీటర్ల దగ్గర ఆగాల్సినంత సేపు ఆగలేదు.

రాత్రి బస్సు కృష్ణగిరి దాటాక కుడి భుజంలో నొప్పి మొదలైంది. బెణికిందనుకుని అమృతాంజనం రాసుకున్నాను. హోసూరు వచ్చేసరికి చెయ్యి లేవలేదు. లోతులో ఒంట్లోకి ఎక్కిన నైట్రోజన్ మెల్లగా బయటికి పోవాలి. బెంగళూరేమో సముద్రానికి 900 మీటర్ల ఎత్తు. ఎత్తుకి వెళ్లేకొద్దీ గాలి ఒత్తిడి తగ్గి, సోడా మూత తీసినట్టు ఆ నైట్రోజన్ బుడగలవుతుంది. విమానం ఎక్కితేనే కాదమ్మా, బస్సులో వెళ్లినా అంతే.

బారసాలలో మీ అమ్మ నిన్ను నా చేతుల్లో పెట్టబోయింది. పడేస్తానేమోనని వెనక్కి జరిగాను. పని పోతుందన్న భయంతో కారణం ఎవరికీ చెప్పలేదు. రెండు రోజులు నొప్పి దాచుకుని, చెన్నై వచ్చాక ప్రెషర్ చాంబర్‌లో, అంటే గాలి ఒత్తిడి పెంచి ఆ బుడగల్ని కరిగించే గదిలో, పడుకున్నాను. ఆ చెయ్యి ఇప్పటికీ భుజం దాటి లేవదు. ఆడపిల్లవని అన్నయ్య ఎత్తుకోలేదని మీ అమ్మ చాలా ఏళ్లు అనుకుంది. నిన్ను ఎత్తుకోవాలని నాకెంత ఉండేదో!

ఆ పలక మీద ఏముందో నాకు ఈ రోజుకీ తెలీదు. నువ్వు అలా చెయ్యకు. ఉన్నది ఉన్నట్టు ఫోటో తియ్యి, పక్కన స్కేలు పెట్టు. బాయిలర్ ఉంటే కొలతలు రాసుకో. చెక్క ఓడైతే అడుగుకి రాగి రేకు ఉందా, మంట్జ్ లోహమా (రాగి, జింకు కలిపిన ఒక రకం ఇత్తడి) చూడు. మంట్జ్ లోహమైతే ఆ రేకు 1832కి ముందుది కాదు. మేకు కూడా పైకి తేవద్దు. వందేళ్లు దాటిన వస్తువులకి 1972 పురావస్తువుల చట్టం ఉంది.

ఇక్కడ పాత ఓడ అనగానే జర్మన్ యుద్ధనౌక ఎమ్డెన్ అంటారు, నమ్మకు. అది 1914 సెప్టెంబరు 22 రాత్రి మద్రాసు మీద గుళ్లు కురిపించి వెళ్లిపోయింది. దాని కథ ముగిసింది నవంబరు 9న, కోకోస్ దీవుల దగ్గర. హార్బర్ కట్టకముందు ఓడలు బయట సముద్రంలోనే లంగరు వేసేవి, తుపాను వస్తే దిక్కు లేదు. అందుకని తుపాన్ల తేదీలు పట్టుకుని ఎగ్మోర్‌లో ఆర్కైవ్స్, కన్నెమరా లైబ్రరీ రెండూ చూద్దాం. ఓడల వివరాలుండే లాయిడ్స్ రిజిస్టర్ పాత సంపుటాలు ఆన్‌లైన్‌లోనే ఉన్నాయట, అవి నువ్వు చూడు.

శుక్రవారం రాత్రికి వచ్చెయ్. శనివారం దిగు. ఆదివారం మనింట్లోనే పడుకో, అత్త వంజరం పులుసు పెడుతుంది. సోమవారం నేనే తీసుకెళ్లి రైలెక్కిస్తాను. టికెట్ నేను తీస్తున్నాను, నువ్వు తియ్యకు.

మీ మావయ్య