నన్ను ఆత్మీయంగా నడిపించేది ఎవరు?

ప్రశ్న: వందనాలండి. మా ఇంట్లో నేనే మొదటి విశ్వాసిని. బాప్తిస్మం తీసుకుని రెండేళ్లయింది, హైదరాబాద్‌లో హాస్టల్‌లో ఉండి ఉద్యోగం చేసుకుంటున్నాను. సంఘం పెద్దది, పాస్టర్‌గారితో మాట్లాడే వీలుండదు. బస్సులో రోజూ మెసేజ్‌లు వింటాను కానీ బైబిల్ తెరిస్తే ఎక్కడ మొదలుపెట్టాలో తెలీదు. ఈమధ్య యూత్‌లో ఒక బ్రదర్ ‘నిన్ను నేను నడిపిస్తా, రోజూ రాత్రి ఫోన్లో ప్రార్థన చేసుకుందాం, ఎవరికీ చెప్పకు’ అంటున్నారు. ఒప్పుకోవాలా, లేక ఉద్యోగం మానేసి బైబిల్ కాలేజీలో చేరాలా? టెన్షన్‌గా ఉంది.
– ఒక సోదరి

జవాబు: ముందు ఆ బ్రదర్ సంగతి తేల్చేద్దాం. వద్దమ్మా. ఆయన మంచివాడే కావచ్చు, కానీ ‘ఎవరికీ చెప్పకు’ అన్నాక ఇంకేం ఆలోచించక్కర్లేదు. పౌలు తిమోతికి ఇతరులకు అప్పగించమని చెప్పింది అనేకమంది సాక్షుల ఎదుట విన్న సంగతుల్ని, చాటుగా విన్నవాటిని కాదు. పైగా యౌవన స్త్రీలకు నేర్పే పని తీతు పత్రిక రెండో అధ్యాయంలో పెద్ద వయసు స్త్రీలకే అప్పగించి ఉంది.

అలాంటి ఒక ఆంటీని మీ సంఘంలోనే వెతుక్కో. మైక్ పట్టుకునేవాళ్లలోనే కాదు, కూటం అయ్యాక చాపలు మడతపెట్టేవాళ్లలో కూడా చూడు. ఇంట్లో పనిమనిషితో ఎలా మాట్లాడుతుందో, తెలియని ప్రశ్న అడిగితే ‘తెలీదమ్మా, కనుక్కుని చెప్తా’ అనగలదో లేదో గమనించు. అపొల్లో అంతటి వాగ్ధాటి గలవాణ్ణి పక్కకు తీసుకెళ్లి విడమర్చి చెప్పింది డేరాలు కుట్టుకునే అకుల, ప్రిస్కిల్ల దంపతులే కదా.

మన దగ్గరే చూడు. 1878 జూలై 3న ఒంగోలు దగ్గర ఒక్కరోజులో 2,222 మంది బాప్తిస్మం పొందారని గొప్పగా చెప్పుకుంటాం, అమెరికా నుంచి వచ్చిన మిషనరీ క్లౌ దొర పేరు అందరికీ తెలుసు. 1866లో బాప్తిస్మం పొంది, అప్పటినుంచీ ఊరూరా తిరిగి తనవాళ్లకు బోధించిన యర్రగుంట్ల పేరయ్య పేరు మాత్రం ఎంతమందికి తెలుసు?

ఆ ఆంటీని ‘నాకు మెంటర్‌గా ఉంటారా’ అని అడిగితే పాపం కంగారుపడిపోతుంది, ‘వారానికో గంట నాతో మార్కు సువార్త చదువుతారా’ అని అడుగు చాలు. పదహారు అధ్యాయాలు, వారానికొకటి చొప్పున నాలుగు నెలల పని. పైకి చదవండి, మాట్లాడుకోండి, ఈ వారం లోబడాల్సిన ఒక్క విషయం రాసుకోండి, అది ఆఫీసులో అబద్ధం చెప్పి సెలవు పెట్టకపోవడం లాంటి చిన్నదైనా సరే. వచ్చే వారం ఆమె ‘చేశావా?’ అని అడగాలి. శిక్షణంతా అక్కడే ఉంది. ఫోన్లో ప్రసంగీకుడు ఎంత బాగా చెప్పినా నిన్ను ఆ మాట అడగడు, అందుకే ఎన్ని విన్నా అలాగే ఉండిపోయావు. పాత అనువాదం గ్రాంథికం కాబట్టి మొదట్లో నోరు తిరగకపోతే వాడుక భాషలోది పక్కన పెట్టుకో, ఎవరైనా ముఖం చిట్లిస్తే చిట్లించనీ.

బైబిల్ కాలేజీ నీ ఇప్పటి ఇబ్బందికి మందు కాదు. ఉద్యోగం వదలకు. సండే స్కూల్లో సాయానికి వెళ్లు, పిల్లల ప్రశ్నలకు జవాబు వెతుకుతుంటే వాక్యం దానంతటదే వంటబడుతుంది. పరిచర్య భారం నిజంగా ఉంటే అది సంఘ పెద్దలకూ కనిపిస్తుంది, అప్పుడు వాళ్లే పంపిస్తారు.

మొదట అడిగినామె కుదరదంటే చిన్నబుచ్చుకోకు, ఇంకొకరిని అడుగు. మార్చిలో అయితే పిల్లల పరీక్షలని అందరూ తప్పించుకుంటారు, వేసవి సెలవుల్లో మళ్లీ అడుగు.