ఒకే సీసా పెట్రోలు, రెండు రీడింగులు

ప్రశ్న: మా కాలేజీ ల్యాబ్‌లో నియర్ ఇన్‌ఫ్రారెడ్ స్పెక్ట్రోమీటర్ (పదార్థం ఏ కాంతిని ఎంత పీల్చుకుంటుందో కొలిచే పరికరం) ఉంది. బరంపురం, ఇచ్ఛాపురం బంకుల పెట్రోలు తెచ్చి చూస్తున్నాం. ఒకే సీసాలోని పెట్రోలుకు పొద్దున ఆరోమాటిక్స్ (బెంజీన్ లాంటి వలయం ఉన్న హైడ్రోకార్బన్లు) 27 శాతం, మధ్యాహ్నం 30 శాతం వస్తోంది. కాలిబ్రేషన్ (విలువ తెలిసిన నమూనాలతో పరికరాన్ని సరిచూడటం) 2021లో చేసింది. తప్పెక్కడ? కిరోసిన్ కల్తీ, గంధకం కూడా దీంతో తెలుస్తాయా?
— ఎమ్మెస్సీ విద్యార్థిని, బరంపురం, గంజాం జిల్లా

జవాబు: పొద్దుటికీ మధ్యాహ్నానికీ తేడా తెచ్చేవి ప్రధానంగా రెండు. మొదటిది సీసా మూత. పెట్రోలులోని తేలికైన పెంటేన్ 36 డిగ్రీలకే మరుగుతుంది. మూత తీసిన ప్రతిసారీ తేలికవి ఎగిరిపోయి, మిగిలినదాంట్లో ఆరోమాటిక్స్ వాటా నిజంగానే పెరుగుతుంది. నమూనాను చిన్న సీసాల్లో దాదాపు నిండుగా పోసి, ఒక్కో సీసా ఒక్కసారే వాడండి. ఐస్ పెట్టెలో ఉంచండి. మామూలు ఫ్రిజ్‌లో మాత్రం వద్దు, లోపలి స్విచ్‌ల నిప్పురవ్వకు ఆవిరి అంటుకుంటుంది. రెండోది వేడి. పది డిగ్రీలు పెరిగితే పెట్రోలు సుమారు 1 శాతం వ్యాకోచిస్తుంది, కాంతి దారిలో అణువులు ఆ మేరకు తగ్గుతాయి, పరికరం గీసే గ్రాఫులో శిఖరాల ఆకారమూ కాస్త మారుతుంది. సెల్ (నమూనా పోసే చిన్న పాత్ర) హోల్డర్‌ను 25 డిగ్రీల దగ్గర నిలిపి, మూత ఉన్న సెల్‌లో పోసి, ఐదు నిమిషాలు ఆగి కొలవండి.

ఇవి సరిదిద్దినా మీ అంకెను నేను నమ్మను. ఈ పరికరం ఆరోమాటిక్స్‌ను నేరుగా లెక్కించదు. 10 మిల్లీమీటర్ల సెల్‌లో ఆరోమాటిక్ వలయం మీది కార్బన్-హైడ్రోజన్ బంధాలు 1140 నానోమీటర్ల దగ్గర, మిథైల్ (CH3) గుంపులవి 1195 దగ్గర, మిథిలీన్ (CH2) గుంపులవి 1210 దగ్గర కాంతిని పీల్చుకుంటాయి. ఇవన్నీ ఒకదానిమీద ఒకటి పడతాయి కనుక, ముందే వేరే పద్ధతిలో కొలిచిన నమూనాలతో పోల్చి సాఫ్ట్‌వేర్ అంచనా కడుతుంది. 2021 నాటి బంకు పెట్రోలులో ఇథనాల్ 10 శాతం మించేది కాదు. ఇప్పుడు 20 శాతం దాకా ఉంటోంది. మీ కాలిబ్రేషన్ అలాంటి పెట్రోలును చూడనే లేదు. ఎండాకాలం, వానాకాలం, చలికాలం కలిపి నలభై కొత్త నమూనాలైనా తెచ్చి, గ్యాస్ క్రొమటోగ్రఫీతో (మిశ్రమంలోని పదార్థాలను విడదీసి కొలిచే పద్ధతి) ఆరోమాటిక్స్ కొలిపించి చేర్చండి. మూడోవంతును కలపకుండా పక్కన పెట్టి, పరీక్షకు వాడండి. రోజూ మొదట శుద్ధమైన టోలీన్ అనే ఆరోమాటిక్‌ను చూసి నోట్‌బుక్‌లో రాసుకుంటే పరికరం జారిపోతున్నదీ లేనిదీ బయటపడుతుంది.

కిరోసిన్ కలిస్తే మిథిలీన్ పెరిగి, సాధారణంగా ఆరోమాటిక్ శిఖరం తగ్గుతుంది. అయితే రిఫైనరీ మారినా కూర్పు మారొచ్చు, కనుక దీన్ని అనుమానంగానే తీసుకోండి. డిస్టిలేషన్ చేసి చూడండి: పెట్రోలు 210 డిగ్రీలలోపే పూర్తిగా మరిగిపోవాలి, కిరోసిన్ ఆపైనా మరుగుతూనే ఉంటుంది.

గంధకం తెలియదు. నేటి పెట్రోలులో అది కిలోకు 10 మిల్లీగ్రాములకు మించకూడదు. అంత తక్కువ మోతాదు ఈ కాంతికి కనిపించదు. దానికి అల్ట్రావయొలెట్ ఫ్లోరోసెన్స్ పరీక్ష కావాలి.