ఎండార్స్‌మెంట్ అంటే ఎంపీసీ, బైపీసీ కాదమ్మా

ప్రశ్న: మేము టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఉంటాం. మా అబ్బాయి ఆగస్టులో తొమ్మిదో తరగతిలో చేరతాడు. స్కూల్లో ఎండార్స్‌మెంట్, అంటే హైస్కూల్లో ఎక్కువ దృష్టి పెట్టే రంగం, ఎంచుకోమన్నారు. వాడేమో స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, లెక్కలు) వద్దు, ఆటోమొబైల్ క్లాసులున్న బిజినెస్ అండ్ ఇండస్ట్రీ కావాలంటున్నాడు. సంతకం పెడితే ఇంజినీరింగ్‌కి దారి మూసుకుపోతుందేమోనని టెన్షన్‌గా ఉంది.

జవాబు: మూసుకుపోదమ్మా. మన దగ్గర ఇంటర్‌లో ఎంపీసీ తీసుకుంటే ఇక డాక్టర్ చదువు మాట మర్చిపోవాల్సిందే అనుకుంటాం. ఆ లెక్కలోనే మీరు భయపడుతున్నారు. ఎండార్స్‌మెంట్ అలాంటి గ్రూపు కాదు, తర్వాత మార్చుకోవచ్చు కూడా.

2013కి ముందు అక్కడ ఎక్కువమంది పిల్లలు ఇంగ్లిష్, లెక్కలు, సైన్స్, సోషల్ నాలుగేసి ఏళ్లు చదివేవారు. ఆ ఏడాది వచ్చిన హౌస్ బిల్ 5 చట్టం దాన్ని సడలించింది. పాసవ్వాల్సిన రాష్ట్ర పరీక్షలు 15 నుంచి 5కి తగ్గాయి. హైస్కూల్ గ్రాడ్యుయేషన్‌కి 22 క్రెడిట్లు (ఏడాది పాటు చదివే ఒక సబ్జెక్టుకు ఒక క్రెడిట్), ఎండార్స్‌మెంట్‌తో అయితే 26. కాలేజీకి వెళ్లేవాళ్లకీ, నేరుగా పనిలో చేరేవాళ్లకీ ఒకే కొలత వద్దన్న ఆలోచన నాకు నచ్చింది. ఆల్జీబ్రా టూ (పై స్థాయి బీజగణితం) అందరికీ తప్పనిసరి కాకుండా చేయడం మాత్రం నచ్చలేదు. అంత పెద్ద నిర్ణయం పద్నాలుగేళ్ల పిల్లల మీదా, ఆ పద్ధతి కొత్తయిన మీలాంటి తల్లిదండ్రుల మీదా పడింది.

మీరు చూడాల్సింది ఎండార్స్‌మెంట్ పేరు కాదు, 'డిస్టింగ్విష్డ్ లెవెల్' అనే పై స్థాయి గ్రాడ్యుయేషన్ గుర్తింపు. ఏ ఎండార్స్‌మెంట్‌తోనైనా అది వస్తుంది. కాకపోతే ఆల్జీబ్రా టూ, నాలుగు సైన్స్ క్రెడిట్లు ఉండాలి. అది లేకపోతే తమ స్కూల్లో టాప్ 10 శాతం ర్యాంకుల్లో ఉన్న పిల్లలకు టెక్సస్ ప్రభుత్వ యూనివర్సిటీల్లో నేరుగా దొరికే అడ్మిషన్ మామూలుగా వర్తించదు. ఆస్టిన్‌లోని టెక్సస్ యూనివర్సిటీలో ఆ హద్దు 2026 నుంచి టాప్ 5 శాతమే. అందులోనూ ఇంజినీరింగ్ సీటుకు వేరే పోటీ ఉంటుంది.

స్కూలు ఇచ్చిన నాలుగేళ్ల ప్లాన్ కాగితం ముందేసుకుని మీ అబ్బాయితో కూర్చోండి. లెక్కల వరుస చూడండి. ఆల్జీబ్రా వన్, జామెట్రీ తర్వాత 'మ్యాథమెటికల్ మోడల్స్' అని ఉంటే పెన్సిల్‌తో సున్నా చుట్టి, ఆల్జీబ్రా టూ ఏ ఏడాది వస్తుందో స్కూలు కౌన్సెలర్‌ని అడగండి. సైన్స్ వరుసలో కెమిస్ట్రీ, ఫిజిక్స్ రెండూ ఉండేలా చూడండి. బిజినెస్ అండ్ ఇండస్ట్రీకి అవి తప్పనిసరి కాకపోయినా ఇంజినీరింగ్‌కి వెళ్లాలంటే బాగా పనికొస్తాయి. ఇంజిన్ విప్పి చూడాలని సరదాపడే పిల్లాడికి ఫిజిక్స్ బరువనిపించదు కూడా.

ఆ రెండు వరుసలూ సరిగ్గా ఉంటే వాడు అడిగిన చోటే సంతకం పెట్టండి.