ఈఈజీ నార్మల్ అంటే ఫిట్స్ లేనట్టేనా?

కడుపులోంచి ఏదో పైకి తన్నుకొచ్చినట్టయి, మీ అమ్మగారు నిమిషంసేపు పలక్కుండా ఉండిపోతున్నారనీ, మెదడులోని కరెంటుని చూసే ఈఈజీ పరీక్ష మాత్రం నార్మల్ వచ్చిందనీ రాశారు. ఇది గ్యాసా, ఫిట్సా అని అడిగారు. నేను డాక్టర్ని కాను. మా అక్కకి అచ్చం ఇలాగే వచ్చేది కాబట్టి చెబుతున్నాను.

అప్పుడు గుంటూరు అరండల్‌పేటలో ఉండేవాళ్ళం. పప్పుకి తాలింపు పెడుతూ పెడుతూ అక్క "మళ్ళీ వస్తోందే" అనేది. భయంతో మొహం పాలిపోయేది. చూపు గోడ మీద ఆగిపోయేది. ఏదో నములుతున్నట్టు పెదవులు చప్పరిస్తూ, కుడిచేత్తో కొంగు నలుపుతూ ఉండేది. ఆవాలు మాడి పొగ కమ్ముకున్నా తెలిసేది కాదు. కిందపడి కొట్టుకోవడం లేదు కదా, ఫిట్సని ఎవరికీ తోచలేదు. రెండేళ్ళు గ్యాస్ మాత్రలు మింగించాం. గాలి సోకిందని నాయనమ్మ తాయెత్తు కట్టించింది. ఆ రెండేళ్ళు తలుచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది.

చివరికి విజయవాడ సూర్యారావుపేటలో ఒక న్యూరాలజిస్ట్ రిపోర్టులు పక్కనపెట్టి, "వచ్చే ముందు ఏమనిపిస్తుందమ్మా?" అని అడిగారు. అంతవరకు ఎవరూ అడగని ప్రశ్న అది. కణత వెనక, మెదడు లోతుల్లో హిప్పోకాంపస్, దాని ముందే అమిగ్డలా ఉంటాయి. ఒకటి జ్ఞాపకాలు చూసుకుంటే, రెండోది భయంలాంటివి చూసుకుంటుంది. ఫిట్స్ అంటే మెదడులో కరెంటు అలజడే. అది అక్కడ మొదలైతే ఉన్నట్టుండి భయం, కడుపులో తిప్పడం, ఇదంతా ఇంతకుముందే జరిగిందనిపించడం వంటివి వస్తాయట. ఈఈజీ వైర్లేమో తల మీద అతికిస్తారు, తీసేది అరగంట. లోపలి చిన్న అలజడి పుర్రె దాటి అంతదూరం అందకపోవచ్చు, అందులోనూ ఫిట్ లేని సమయంలో. అందుకే నార్మల్ రిపోర్టుతో ఫిట్స్ లేవని తేల్చేయకూడదు.

ఆయన మూర్ఛ కోసమని ప్రత్యేకంగా రాసి, హిప్పోకాంపస్ పలుచటి ముక్కల్లో కనిపించేలా మళ్ళీ ఎమ్మారై తీయించారు. కుడివైపుది కుంచించుకుపోయి ఉంది. అక్కకి రెండేళ్ళప్పుడు జ్వరంలో చాలాసేపు ఫిట్స్ వచ్చిన సంగతి అమ్మకి అప్పుడు గుర్తొచ్చింది. అలాంటివాళ్ళలో కొందరికి తర్వాత ఇలా అవుతుందట. అక్కకి మందులతో చాలావరకు తగ్గాయి. సరిగ్గా ఎంచిన రెండు మందులు, సరైన మోతాదులో వాడినా ఆగకపోతే ఆపరేషన్ పనికొస్తుందేమో తప్పకుండా అడగాలి.

మీరు ఈసారి రాగానే ఫోన్లో వీడియో తీయండి, చేతులు, మొహం రెండూ కనపడేలా. చేతిలో తాళాలు పెట్టకండి, గట్టిగా పట్టుకోకండి. వచ్చే ముందు ఏమనిపిస్తోందో అమ్మగారి మాటల్లోనే రాసి న్యూరాలజిస్ట్‌కి చూపించండి. అంతవరకు పొయ్యి దగ్గర ఆవిడని ఒంటరిగా వదలకండి.