ట్యూనింగ్‌కి దేశీ ఇంజన్ మంచిదా, విదేశీ ఇంజన్ మంచిదా?

ఉన్న టాటా నెక్సాన్ పెట్రోల్‌ని బలం పెరిగేలా ట్యూన్ చేయించాలా, అది అమ్మేసి సెకండ్‌హ్యాండ్ పోలో టీఎస్ఐ (ఫోక్స్‌వ్యాగన్ టర్బో పెట్రోల్) కొనాలా అని అడిగారు. మాది వైజాగ్‌లో గాజువాక. రెండు రకాల బళ్లతోనూ చేతులు కాల్చుకున్నవాణ్ణి కాబట్టి చెప్తున్నా.

ముందు ఈ దేశీ, విదేశీ గోల పక్కన పెట్టండి. నా మొదటి బండి స్విఫ్ట్ డీజిల్. పేరు మారుతిది, 1.3 ఇంజన్ పుట్టుక ఫియట్‌ది, తయారీ ఇక్కడే. దాన్ని ఏ ఖాతాలో వేస్తారు? దానికి రీమ్యాప్ (బలం పెరిగేలా ఇంజన్ కంప్యూటర్‌లో సెట్టింగులు మార్చడం) చేయించి వారం గాల్లో తేలాను. తర్వాత అరకు వెళ్తుంటే అనంతగిరి ఘాట్‌లో మూడో గేర్‌లో తొక్కితే ఆర్‌పీఎం ముల్లు లేస్తోంది, బండి మాత్రం లేవట్లేదు. కాసేపటికి కాలిన వాసన. వెనకాల మా బావ, "ఎవరో చెత్త కాలుస్తున్నార్రా" అన్నాడు. కాలుతోంది నా క్లచ్. పెంచిన టార్క్‌కి, అంటే ఇంజన్ తిప్పే బలానికి, పాత క్లచ్ ఆగుతుందా అని మ్యాప్ వేసినవాడు చూడలేదు, నేనూ అడగలేదు. కాకపోతే ఆటోనగర్‌లో క్లచ్ సెట్ ఆ సాయంత్రమే దొరికింది.

తర్వాత పోలో. 999 సీసీ, 110 పీఎస్. ఇందులో పెట్రోల్ నేరుగా సిలిండర్‌లోకే చిమ్ముతుంది. అది ఆవిరయ్యేటప్పుడు లోపలి గాలి చల్లబడుతుంది కనక బూస్ట్ (టర్బో లోపలికి తోసే గాలి ఒత్తిడి) కాస్త పెంచినా నాకింగ్ (పెట్రోల్ దానంతటదే పేలి ఇంజన్ కొట్టుకోవడం) తొందరగా రాదు. మీ నెక్సాన్ 1.2లో పోర్ట్ ఇంజెక్షన్, అంటే పెట్రోల్ సిలిండర్ బయటే గాలితో కలుస్తుంది, ఆ వెసులుబాటు తక్కువ. అసలు తేడా ఇదీ. అయినా మన ఎండలు ఊరుకుంటాయా? పొద్దున ఐదున్నరకి భీమిలి రోడ్డులో ఉరికే బండి, మే నెల మధ్యాహ్నం ఎన్ఏడీ ట్రాఫిక్ దాటేసరికి బద్ధకిస్తుంది. నాకింగ్ కనిపెట్టగానే ఈసీయూ, అంటే ఆ ఇంజన్ కంప్యూటర్, స్పార్క్ టైమింగ్ వెనక్కి లాగేస్తుంది, బలం తగ్గుతుంది. పోలోకి ఒక సెన్సార్ పోతే అది వచ్చేదాకా తొమ్మిది రోజులు బస్సులే గతి అయ్యాయి.

జపాన్ హాఫ్‌కట్ (పాత కారు ముందు సగం కోసి తెచ్చిన) ఇంజన్ దింపుదామనే ఆలోచన ఉంటే మానుకోండి. ఆర్సీలో ఇంజన్ నంబర్ మార్చాలంటే ఆర్టీవో అనుమతి కావాలి.

రోజూ ఆఫీసుకి తిరిగే బండే అయితే నెక్సాన్ ఉంచుకోండి. ముందు టైర్లు, బ్రేకులు, క్లచ్ చూసుకుని ఓ మోస్తరు మ్యాప్ వేయించండి. ట్యూనింగే సరదా అయితే టీఎస్ఐ కొనండి. ఏదైనా సరే, కంపెనీ ఒరిజినల్ ఫైలు (మార్చకముందు ఉన్న సెట్టింగులు) మీ పెన్‌డ్రైవ్‌లో వేయించుకోండి. నేను వేయించుకోలేదు, పాత మ్యాప్‌కి వెనక్కి వెళ్లలేకపోయాను. స్విఫ్ట్ అమ్మేరోజు కొనేవాడు ఒక్కసారి గట్టిగా తొక్కి, వెనక నల్లపొగ చూసి, 15 వేలు తగ్గించాడు.