తిండి లెక్క తేలితే బ్యాగ్ బరువు తగ్గుతుంది

ప్రశ్న: మాది తెనాలి. పెర్త్‌లో ఉద్యోగం చేస్తున్నాను. సెప్టెంబర్ ఆఖర్లో నేనూ మా ఆవిడా బిబ్బుల్మన్ ట్రాక్ అనే అడవి కాలిబాట మీద కాలమండా నుంచి డ్వెల్లింగప్ వరకు నడవాలనుకుంటున్నాం. పన్నెండు రోజులకు అన్నీ సర్దితే నా బ్యాగ్ 23 కేజీలు తూగింది. నా బరువు 68. ఏం తీసేయాలి? దారిలో షెడ్లుంటాయట, టెంట్ వదిలేయొచ్చా? మా ఆవిడకి పాములంటే టెన్షన్.
– ఒక పాఠకుడు, పెర్త్

జవాబు: ముందు తిండి ఒక్కటే బయటికి తీసి తూచండి. రోజుకు 700, 800 గ్రాముల చొప్పున వేసుకున్నా మీ వాటాయే దాదాపు తొమ్మిది కేజీలు ఉంటుంది. అది తేల్చకుండా సబ్బులు, దువ్వెనలు తీసేస్తే గ్రాములే తగ్గుతాయి. మీ బరువులో నాలుగో వంతు, అంటే 17 కేజీలు మించి మొయ్యకండి. ఇంకా తగ్గితే మోకాళ్లకు మంచిది.

ఆల్బనీ దాకా సుమారు వెయ్యి కిలోమీటర్లున్న ఈ ట్రాక్ మీద మీకు తగిలే మొదటి ఊరు డ్వెల్లింగప్, అదీ 200 కిలోమీటర్లు దాటాకే. కానీ మధ్యలో బ్రూక్‌టన్ హైవే, తర్వాత ఆల్బనీ హైవే అడ్డం వస్తాయి. రెండు చోట్లకీ పెర్త్ నుంచి కారులో రావచ్చు. తిండిని మూడు మూటలు కట్టి, రెండు మూటలు స్నేహితులకి అప్పజెప్పి, ఏ రోజు ఎక్కడికి తేవాలో ఇప్పుడే మాట్లాడుకోండి. అయిదారు కేజీలు అక్కడే దిగిపోతాయి.

కందిపప్పు, బియ్యం తీసుకెళ్లొద్దు. అవి ఉడికేలోపు స్టవ్‌లో స్పిరిట్ అయిపోతుంది. బొంబాయి రవ్వని ఇంట్లోనే నేతిలో పోపుతో సహా కమ్మగా వేయించి, చల్లారాక ఉప్పు కలిపి, పూటకొకటి చొప్పున జిప్ కవర్లలో పోసుకోండి. క్యాంపులో మరిగిన నీళ్లలో కలిపి మూత పెడితే పది నిమిషాల్లో ఉప్మా. అటుకులు, కందిపొడి, వేరుశనగ చిక్కీ ఉంటే మిగతా పూటలు గడిచిపోతాయి. ఆవకాయ సీసా మాత్రం వద్దు. నూనె కారి స్లీపింగ్ బ్యాగ్‌కి అంటితే ట్రిప్ అయ్యేదాకా ఆ వాసనలోనే పడుకోవాలి.

టెంట్ వదలొద్దు. దాదాపు ప్రతి క్యాంపులో మూడు వైపులా గోడలున్న చెక్క షెడ్డు, వాన నీటి ట్యాంకు, మరుగుదొడ్డి ఉంటాయి. కానీ మీరు వెళ్లేది అడవి పూల కాలం, పైగా బడి సెలవులు. షెడ్డు నిండిపోతే వానలో ఎక్కడ పడుకుంటారు? టెంట్ గుడ్డ మీరు, కడ్డీలు మీ ఆవిడ పంచుకోండి. ట్యాంకు నీళ్లు మరిగించో వడగట్టో తాగండి. ఒక ట్యాంకు నుంచి ఇంకో ట్యాంకు దాకా మనిషికి రెండు మూడు లీటర్లు ఉండాలి.

పాముల విషయం మీ ఆవిడకి ఇలా చెప్పండి. అక్కడ డ్యూగైట్, టైగర్ స్నేక్ అనే విషపు పాములున్నాయి, ఎండ పెరిగే కొద్దీ బయటికొస్తాయి. అడుగు వేసే చోటు చూసుకుంటూ నడిస్తే వాటి దారిన అవి పోతాయి. ఒకవేళ కాటేస్తే మన ఊళ్లలోలా తాడు బిగించడం, గాటు పెట్టడం, కడగడం ఏవీ చేయకూడదు. వెడల్పాటి ఎలాస్టిక్ బ్యాండేజీని కాటు పడిన కాలు మొత్తానికీ గట్టిగా చుట్టి, మనిషిని కదలకుండా పడుకోబెట్టి, 000కి ఫోన్ చేయాలి. చాలాచోట్ల సిగ్నల్ ఉండదు కాబట్టి పీఎల్‌బీ బీకన్, అంటే ఆపదలో ఉపగ్రహం ద్వారా కబురు పంపే చిన్న పరికరం, తప్పనిసరి. ఆస్ట్రేలియా సముద్ర భద్రతా సంస్థ దగ్గర దాన్ని ఉచితంగా రిజిస్టర్ చేయించండి. బరువు తగ్గించాలని బ్యాండేజీలూ బీకనూ ఇంట్లో పెట్టి వెళ్తానంటే నేను ఒప్పుకోను.

దారిలో బూట్లు శుభ్రం చేసే చోట్లుంటాయి. బద్ధకించకుండా అడుగుభాగం మట్టి పూర్తిగా దులపండి. ఆ మట్టితో పాకే ఫైటోఫ్తోరా తెగులు జర్రా చెట్ల వేళ్లను కుళ్లబెడుతోంది. ఒకసారి సోకిన నేలను బాగుచేయడం ఎవరి తరమూ కాదు.

వచ్చే శని, ఆదివారాల్లో నిండు బ్యాగులతో కాలమండా నుంచి మొదటి క్యాంపు హ్యూవిట్స్ హిల్ దాకా, ఓ పది కిలోమీటర్లు, నడిచి రాత్రి అక్కడే పడుకోండి. మర్నాడు ఇద్దరూ బ్యాగులు బోర్లించి, మందులూ బ్యాండేజీలూ బీకనూ టెంటూ వానకోటూ కాకుండా, ముట్టుకోని వస్తువేదైనా ఉంటే అది సెప్టెంబర్‌లో తీసుకెళ్లకండి.