పాత కాన్వెంటును కమ్యూనిటీ హాలు చేస్తుంటే ర్యాంపు ఎక్కడ పెట్టాలి?

ముందు మెట్ల మీద ర్యాంపు పోయిస్తే పాత కట్టడం అందం చెడుతుందా అని కదా మీ ప్రశ్న. అందం సంగతి తర్వాత. అసలు ముందు వాకిట్లోనే పెట్టాలని ఎవరన్నారు?

మా అమ్మ సికింద్రాబాద్‌లో ఒక కాన్వెంటులో చదువుకుంది. పేరెందుకులెండి. ఇప్పుడక్కడ బడి లేదు, కింది అంతస్తును మీటింగులకు ఇస్తున్నారు. పోయినేడాది కంటి పరీక్షలంటే అమ్మను వీల్‌చైర్‌లో తీసుకెళ్లాను. ముందు అయిదు మెట్లు. పక్కనే మేస్త్రీ పోసిన ర్యాంపు, పది అడుగులు కూడా లేదు. అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవుండాలి. అయిదు మెట్లంటే రెండున్నర అడుగులు, అంటే 30 అడుగులు, మధ్యలో ఆగే చోటు అదనం. పైగా పాలిష్ గ్రానైటు! చినుకు పడితే నడిచేవాళ్లే జారతారు. నలుగురు కుర్రాళ్లు కుర్చీని పల్లకీలా ఎత్తబోతే అమ్మ ససేమిరా అంది.

"వంటశాల వైపు తిప్పవే. బియ్యం బస్తాల బండి సరాసరి లోపలికొచ్చేది. అక్కడ మెట్లెక్కడివి?"

నిజంగానే లేవు. వెనక వరండా నేలకు సమానంగా ఉంది, గరుకు షాబాద్ బండలు. రెండంగుళాల గడప ఒక్కటే అడ్డం.

కాబట్టి నా మాట, సరుకుల బండి ఎటు వచ్చేదో ముందు వెతకండి. చాలా పాత కాన్వెంట్లలో అలాంటి తలుపు ఒకటి ఉండొచ్చు. దొడ్డిదారిన రమ్మంటారా అని కొందరు నొచ్చుకుంటారు, న్యాయమే. అందుకే దాన్నే అందరికీ వాకిలి చేయండి, బోర్డు అక్కడే కట్టండి. హైదరాబాద్ కోఠీలోని పాత బ్రిటిష్ రెసిడెన్సీ భవనం ముందున్న సింహాల మెట్ల మీద సిమెంటు ర్యాంపు ఒకసారి ఊహించుకోండి! ముందువైపు తప్పదంటే పాత రాతికి మేకు కొట్టకుండా, విప్పి తీసేయగలిగే ఇనుప ర్యాంపు పెట్టండి.

2016లో వికలాంగుల హక్కుల చట్టం వచ్చాక మనం నేర్చుకున్నది ర్యాంపు పోసి ఫొటో దిగడం. అమ్మ చదివిన ఆ కాన్వెంటులో వికలాంగుల టాయిలెట్ నిండా ప్లాస్టిక్ కుర్చీలూ ఫినాయిల్ డబ్బాలూ. గానుగలో నూరిన డంగు సున్నంతో కట్టిన పాత గోడలకేమో సిమెంటు పూశారు. లోపలి చెమ్మ బయటికి పోయే దారి లేక అప్పుడే పెచ్చులూడుతున్నాయి.

ఇంతకీ ఆ వంటశాల తలుపుకి ఇప్పుడు తాళం. వచ్చే నెల మళ్లీ శిబిరం ఉందట, తాళంచెవి ఎవరి దగ్గరుందో ముందే కనుక్కోవాలి.